ఇజ్రాయెల్–పాలస్తీనా శాంతి దారులు: సరిహద్దు ఊళ్లలో చర్చ నడిపే పద్ధతి

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం. ఒడిశా వైపున్న ఈ ఊళ్లలో తెలుగు గ్రంథాలయాలున్నాయి, యువజన సంఘాలున్నాయి, చర్చి సంఘాలున్నాయి, కాలేజీ పిల్లలున్నారు. వీళ్లు ఓ నలుగురు కూర్చుని ఇజ్రాయెల్–పాలస్తీనా గురించి మాట్లాడితే పావుగంటలో గొంతులు లేస్తాయి, అరగంటలో సగంమంది లేచిపోతారు. అలా కాకుండా నాలుగు సాయంత్రాల్లో చర్చను దారిలో పెట్టి, రేపు పేపర్లో ఏ శాంతి ప్రతిపాదన వచ్చినా దాన్ని తూకం వేయగలిగేలా జనాన్ని తయారుచేసే పద్ధతి ఇది.

తూకానికి ఐదు ప్రశ్నలు. వాటిని పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించండి. నేల ఎవరికి ఎంత? ఎవరు ఎక్కడికి రాగలరు, ఎక్కడికి పోగలరు? ఎవరి ఓటు ఎక్కడ? కాపలా ఎవరిది? ఇచ్చిన మాట తప్పితే తీర్పు చెప్పేదెవరు, ఏ తేదీలోగా? మొదటి నాలుగింటికి గత ముప్పై ఏళ్లలో మంచి జవాబులే వచ్చాయి. ఒప్పందాలు ఎక్కువగా చెడింది ఐదో దాని దగ్గర. నాలుగు రోజులూ చర్చను తిప్పి తిప్పి అక్కడికే తీసుకురావాలి.

కూర్చోబెట్టడం

పన్నెండు మంది నుంచి ఇరవై మంది దాకా చాలు. ఇరవై దాటితే మాట్లాడేవాళ్లు ఐదుగురే మిగులుతారు. ఒక్కో సాయంత్రం గంటన్నర, మధ్యలో టీకి పది నిమిషాలు. మైకు వద్దు, చేతికి మైకు వస్తే ఎంత మెత్తనివాడైనా ఉపన్యాసం మొదలెడతాడు. నడిపేవాళ్లు ఇద్దరుండాలి. ఒకరు ప్రశ్నలు వేస్తారు, ఇంకొకరు పటం దగ్గర ఉంటారు.

మన జిల్లాల్లో ఒక సంగతి మరిచిపోవద్దు. ఇంట్లో తెలుగు మాట్లాడినా బడిలో ఒడియా చదివిన పిల్లలు చాలామందికి తెలుగు అక్షరాలు గబగబా రావు. పటం మీద, చీటీల మీద ప్రతి పేరూ రెండు లిపుల్లో రాయండి. ఈ పని చేయకపోతే కుర్రాళ్లు వెనక బెంచీల్లో కూర్చుని ఫోన్లు చూసుకుంటారు, మీరేమో వాళ్లకు ఆసక్తి లేదనుకుంటారు.

నియమాలు రెండే. ఫోన్లో వచ్చిన వీడియో ఎవరూ చూపించకూడదు. ఎవరైనా ఒక పక్షం గురించి మాట్లాడితే, ఆ పక్షంలోని మామూలు మనిషి 'అవును, మా మాట ఇదే' అని ఒప్పుకునేలా చెప్పాలి. రెండోది కష్టం, మొదటి రోజు ఎవరికీ రాదు. రాకపోయినా పట్టు విడవద్దు.

పటం

మార్కెట్లో దొరికే ప్రపంచ పటంలో ఈ ప్రాంతం వేలిగోరంత ఉంటుంది, పనికిరాదు. గీసుకోవాల్సిందే. మూడు చార్టు షీట్లు తీసుకోండి, ఒక్కొక్కటి 56 సెంటీమీటర్ల వెడల్పు, 71 సెంటీమీటర్ల పొడవు. నిలువుగా ఒకదాని కింద ఒకటి అతికించండి. కొలత సెంటీమీటరుకు రెండున్నర కిలోమీటర్లు. ఉత్తరాన లెబనాన్ సరిహద్దు నుంచి దక్షిణాన ఐలాత్ రేవు దాకా సుమారు 420 కిలోమీటర్లు. పటం మీద 168 సెంటీమీటర్లు వస్తుంది. వెడల్పు షీటుకు సరిగ్గా సరిపోతుంది, అంచులు మిగలవు. గోలాన్ కొండల ప్రాంతం సిరియాతో ఉన్న వేరే తగాదా, దాన్ని పటం బయట వదిలేయవచ్చు.

ఈ కొలతలో గాజా, అంటే ఈజిప్టు పక్కన సముద్రం ఒడ్డునున్న పాలస్తీనా ప్రాంతం, 16 సెంటీమీటర్ల పొడవున్న సన్నని పట్టీ. వెడల్పు ఒకచోట రెండున్నర, ఇంకోచోట ఐదు. జోర్డాన్ నదికి పడమటి వైపున్న పాలస్తీనా ప్రాంతం వెస్ట్ బ్యాంక్, దాని పొడవు 52 సెంటీమీటర్లు. రెండింటి మధ్య దగ్గరి దారి సుమారు 40 కిలోమీటర్లు, అంటే 16 సెంటీమీటర్ల ఇజ్రాయెల్ నేల. 1967 యుద్ధం దాకా సరిహద్దుగా ఉన్న 1949 కాల్పుల విరమణ గీతను ఆకుపచ్చ ఉన్నిదారంతో అంటించండి. పెన్నుతో గీస్తే తర్వాత కదపలేరు, నేలలు మార్చుకునే లెక్క వచ్చినప్పుడు దాన్ని కదపాల్సిన పని ఉంది.

విస్తీర్ణాలు అంకెల్లో చెబితే ఎవరికీ ఎక్కవు. గాజా 365 చదరపు కిలోమీటర్లు; మన చిలికా సరస్సులో సగం కూడా కాదు. వెస్ట్ బ్యాంక్ మొత్తం రాయగడ జిల్లా కన్నా చిన్నది. ఈ రెండు మాటలు అన్నాక గదిలో ఓ నిమిషం ఎవరూ మాట్లాడరు. అప్పుడు గింజలు బయటికి తీయండి.

లక్షమందికి ఒక గింజ. యూదులకు తెల్ల చిక్కుడు గింజలు 72, పాలస్తీనా అరబ్బులకు చింతపిక్కలు. ఇజ్రాయెల్ పౌరులు, నివాసులైన అరబ్బులకు 21, వెస్ట్ బ్యాంక్‌లో 33, గాజాలో 21. ఒక మెలిక ఉంది. తూర్పు జెరూసలేంలోని పాలస్తీనీయులు ఇజ్రాయెల్ లెక్కలోనూ వెస్ట్ బ్యాంక్ లెక్కలోనూ వస్తారు, కాబట్టి మూడు నాలుగు పిక్కలు తీసేయాలి. తీశాక చూస్తే జోర్డాన్ నదికీ మధ్యధరా సముద్రానికీ మధ్య రెండు రాసులు దాదాపు సమానం. చిక్కుడు గింజల్లో ఏడింటిని ఆకుపచ్చ దారం దాటించి పెట్టండి, ఐదు వెస్ట్ బ్యాంక్‌లో, రెండు తూర్పు జెరూసలేంలో. వాళ్లే సెటిల్‌మెంట్లలో, అంటే 1967 యుద్ధంలో ఆక్రమించిన నేల మీద ఇజ్రాయెల్ కట్టిన యూదు ఊళ్లలో ఉన్నవాళ్లు. ఇంకో 34 చింతపిక్కలు పటం బయట, జోర్డాన్, సిరియా, లెబనాన్ వైపు పెట్టండి. ఐక్యరాజ్యసమితి సంస్థ దగ్గర నమోదై, పటం లోపల లేని శరణార్థులు వాళ్లు. యూదుల రాసిలో సగానికి దగ్గరగా అరబ్ దేశాల నుంచి, ఉత్తర ఆఫ్రికా నుంచి వచ్చిన కుటుంబాలవాళ్లేనని కూడా ఇక్కడే చెప్పాలి. 1948 తర్వాత బాగ్దాద్, కైరో, సనా లాంటి చోట్ల నుంచి ఇళ్లు వదిలి వచ్చిన వాళ్ల పిల్లలు, మనవలు. 'వాళ్లంతా యూరప్ నుంచి దిగినవాళ్లే కదా' అనే మాట తప్పకుండా వస్తుంది.

మొదటి సాయంత్రం: తేదీలు

పన్నెండు చీటీలు చాలు, తాడుకు వరసగా కట్టండి. 1917 బాల్ఫోర్ ప్రకటన, పాలస్తీనాలో యూదులకు జాతీయ నివాసం ఉండాలన్న బ్రిటన్ మాట. 1947 నవంబరు 29 ఐక్యరాజ్యసమితి విభజన తీర్మానం: 33 ఓట్లు అనుకూలం, 13 వ్యతిరేకం, వ్యతిరేకించిన వాటిలో భారత్ ఒకటి. 1948 యుద్ధం, ఏడు లక్షల మంది దాకా పాలస్తీనీయులు ఇళ్లు కోల్పోవడం. 1967 ఆరు రోజుల యుద్ధం, వెస్ట్ బ్యాంక్, గాజా ఇజ్రాయెల్ చేతికి. 1979 ఈజిప్టుతో ఒప్పందం. 1987 పాలస్తీనీయుల మొదటి తిరుగుబాటు. 1993 ఓస్లో ఒప్పందం, పాలస్తీనీయులకు పరిమిత స్వపాలన. 1995లో ఇజ్రాయెల్ ప్రధాని రబీన్ హత్య. 2000లో అమెరికాలోని క్యాంప్ డేవిడ్‌లో శాంతి చర్చలు, వెంటనే రెండో తిరుగుబాటు. 2005లో గాజా నుంచి ఇజ్రాయెల్ సెటిల్‌మెంట్లు తీసేయడం, రెండేళ్లకు హమాస్ అనే పాలస్తీనా సాయుధ ఇస్లామిక్ సంస్థ చేతికి గాజా. 2023 అక్టోబరు 7న హమాస్ దాడి, సుమారు 1,200 మంది చావు, 251 మంది బందీలు. ఆ తర్వాత యుద్ధం. 2025 అక్టోబరు 10న కాల్పుల విరమణ నాటికి గాజా ఆరోగ్యశాఖ లెక్కలో మృతులు 67,000 దాటారు.

ప్రతి చీటీకి రెండు వైపులూ వాడండి. ఒకవైపు ఇజ్రాయెల్ మనిషి ఆ రోజును ఎలా గుర్తుపెట్టుకున్నాడో, రెండోవైపు పాలస్తీనా మనిషి ఎలా గుర్తుపెట్టుకున్నాడో. 1948 ఒకరికి స్వాతంత్య్రం, మరొకరికి 'నక్బా' అనే మహావిపత్తు. ఆ రోజంతా ఈ పనికే సరిపోతుంది, పరిష్కారాల జోలికి పోవద్దు.

గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో చర్చికి వెళ్లే కుటుంబాలు ఎక్కువ. బైబిల్లోని ఇశ్రాయేలూ, 1948లో ఏర్పడ్డ రాజ్యమూ ఒకటేనని చాలామంది మనసులో ఉంటుంది. దాన్ని ఖండించబోతే వాళ్ల విశ్వాసాన్ని కించపరిచినట్టవుతుంది. బెత్లెహేం వెస్ట్ బ్యాంక్‌లో ఉందని, అక్కడ పాలస్తీనా క్రైస్తవులు నేటికీ ఆరాధన చేస్తున్నారని పటం మీద వేలు పెట్టి చూపించండి, చాలు. అలాగే ముస్లిం మిత్రులు వస్తే వాళ్లను పాలస్తీనా తరఫు వకీళ్లుగా చూడకండి. 'మీరేమంటారు భాయ్' అని ప్రతిదానికీ వాళ్ల వైపు తిరగడం మర్యాద కాదు.

రెండో సాయంత్రం: ముడులు

ఇది అసలు పని. రంగు కాగితాన్ని మూడు సెంటీమీటర్ల చదరాలుగా వంద ముక్కలు కత్తిరించండి. మన కొలతలో ఒక్కో ముక్క వెస్ట్ బ్యాంక్‌లో సుమారు ఒక శాతం. వంద పేరిస్తే ప్రాంతమంతా నిండుతుంది.

మొదట ఓస్లోను పేర్చండి. ఓస్లోకు కొనసాగింపుగా 1995లో చేసుకున్న రెండో ఒప్పందం విభజనలో, 2000 నాటికి తేలిన లెక్క ప్రకారం, 'ఎ' ప్రాంతానికి 18 ముక్కలు, పాలస్తీనా పాలనే, పోలీసూ వాళ్లదే. 'బి'కి 22, పాలన పాలస్తీనాది, భద్రత ఇజ్రాయెల్ చేతిలో. 'సి'కి 60, రెండూ ఇజ్రాయెల్‌వే. ఎ, బి ముక్కలు ఒకచోట కుప్పగా పెట్టకండి, చెల్లాచెదురుగా చల్లండి. నేల మీద అలాగే ఉన్నాయి. ఈ ఏర్పాటు ఐదేళ్ల తాత్కాలికం, 1999 మే నాటికి ముగియాలి. ఇప్పటికీ అదే నడుస్తోంది. ఎందుకని అడగండి. జెరూసలేం, శరణార్థులు, సెటిల్‌మెంట్లు, సరిహద్దు అనే అసలు విషయాలన్నీ చివరికి వాయిదా వేశారు. ఆ ఐదేళ్లలో రెండువైపులా ఒప్పందం గిట్టనివాళ్లకు సమయం దొరికింది. 1994లో హెబ్రోన్ మసీదులో ఒక ఇజ్రాయెల్ తీవ్రవాది 29 మందిని కాల్చి చంపాడు. హమాస్ బస్సుల్లో బాంబులు పేల్చింది. వెస్ట్ బ్యాంక్ సెటిల్‌మెంట్లలో జనం 1993లో లక్షా పదివేల చిల్లర ఉంటే 2000 నాటికి రెండు లక్షలకు చేరువయ్యారు. మాట తప్పినప్పుడు 'ఇది తప్పు, ఫలానా తేదీకి సరిచేయండి' అని ఇద్దరి మీదా చెల్లే తీర్పు ఇవ్వగల మూడో చేయి లేదు.

నీళ్ల ముడి మనవాళ్లకు బాగా అర్థమవుతుంది, దీనికి ఇరవై నిమిషాలు కేటాయించండి. ఓస్లో రెండో ఒప్పందంలో ఉమ్మడి నీటి కమిటీ పెట్టారు. వెస్ట్ బ్యాంక్‌లో బావి తవ్వాలన్నా పైపు వేయాలన్నా కమిటీలో ఇద్దరూ ఒప్పుకోవాలి. వినడానికి సమానమే. కానీ 'సి' ప్రాంతంలో ఆపైన ఇజ్రాయెల్ సైనిక పాలన అనుమతి కూడా కావాలి. ఇజ్రాయెల్‌కు తమవైపు తోడుకోవడానికి కమిటీ ఒప్పుదల అక్కర్లేదు. దీని పక్కన వంశధారను పెట్టండి. 1962లో ఒడిశా, ఆంధ్ర నీళ్లు చెరి సగం అనుకున్నాయి, నేరడి దగ్గర పేచీ వచ్చింది, 2010లో ట్రిబ్యునల్ వేశారు, 2017లో తుది తీర్పు వచ్చింది. ఎన్నేళ్లు పట్టినా, ఎవరికి నచ్చినా నచ్చకపోయినా, పైన ఒక తీర్పరి ఉన్నాడు. అక్కడ లేనిది అదే.

సెటిల్‌మెంట్ల ముడికి మళ్లీ కాగితం ముక్కలు. 2000 డిసెంబరు 23న అమెరికా అధ్యక్షుడు క్లింటన్ పెట్టిన ప్రతిపాదనలో 94 నుంచి 96 ముక్కలు పాలస్తీనాకు, మిగతావి ఇజ్రాయెల్‌కు, బదులుగా ఇజ్రాయెల్ వైపు నుంచి ఒకటి నుంచి మూడు ముక్కల నేల. 2008లో ఇజ్రాయెల్ ప్రధాని ఓల్మర్ట్ దాదాపు ఆరు ముక్కలు ఉంచుకుని దాదాపు అంతే నేల బదులిస్తామన్నాడు. పటం చూపించాడు, పాలస్తీనా అధ్యక్షుడు అబ్బాస్ చేతికి మాత్రం ఇవ్వలేదు. ఆ లెక్క అక్కడితో ఆగింది. జనానికి ఆరు ముక్కలిచ్చి, వీలైనన్ని ఎక్కువ చిక్కుడు గింజలు ఇజ్రాయెల్‌లో కలిసేలా పెట్టమనండి. పచ్చదారం పక్కనున్న పెద్ద సెటిల్‌మెంట్లు సులువుగా కలిసిపోతాయి. అరియేల్ దగ్గర ఇరుక్కుంటారు. అది గీతకు సుమారు 20 కిలోమీటర్లు లోపల, పటం మీద ఎనిమిది సెంటీమీటర్లు. జెరూసలేంకు తూర్పున మాలే అదుమీమ్ దగ్గర ఇంకో చిక్కు. మధ్యలోని 'ఇ1' అనే జాగా పన్నెండు చదరపు కిలోమీటర్లే, ముక్కలో ఐదో వంతు. అది కట్టడాలతో నిండితే రమల్లా నుంచి బెత్లెహేంకు పోయే దారి తెగుతుంది. శాతం చిన్నదైనా చోటు పెద్దదని వాళ్ల వేళ్లకే తెలియాలి, మీరు చెప్పొద్దు.

జెరూసలేం, శరణార్థుల మీద క్లుప్తంగా చెబితే చాలు. క్లింటన్ సూత్రం: అరబ్ పేటలు పాలస్తీనాకు, యూదు పేటలు ఇజ్రాయెల్‌కు. ఓల్మర్ట్ సూత్రం: పుణ్యస్థలాలున్న భాగాన్ని ఐదు దేశాలు కలిసి చూడాలి. శరణార్థులకు క్లింటన్ ఐదు గమ్యాలు చూపాడు: పాలస్తీనా రాజ్యం, మార్పిడిలో వచ్చే నేల, ఇప్పుడున్న దేశం, మూడో దేశం, ఇజ్రాయెల్ ఒప్పుకున్నంత మేరకు ఇజ్రాయెల్. 1948 నాటి 194వ తీర్మానం మాత్రం తిరిగి వెళ్లడం లేదా పరిహారం అంటుంది. ఇంటి తాళంచెవి దాచుకున్న కుటుంబానికి ఇది లెక్కల విషయం కాదు. అరబ్ దేశాలు వదిలిన యూదు కుటుంబాల ఆస్తుల మాట కూడా ఇక్కడే రావాలి.

మూడో సాయంత్రం: దారులు

నాలుగు జట్లు చేసి ఒక్కో దారి ఇవ్వండి. ఇష్టమైన దారి ఎంచుకోనివ్వకండి, చీటీ తీయించండి. ప్రతి జట్టూ ఐదు ప్రశ్నలకూ జవాబు చెప్పాలి.

రెండు రాజ్యాలు. 2002లో బీరూట్‌లో అరబ్ దేశాలు చేసిన ప్రతిపాదన దీనికి వెన్నెముక: ఇజ్రాయెల్ 1967 గీతకు, అంటే మన ఆకుపచ్చ దారానికి, వెనక్కు పోయి, శరణార్థులకు న్యాయమైన పరిష్కారం ఒప్పుకుంటే అరబ్ దేశాలన్నీ ఇజ్రాయెల్‌తో సంబంధాలు పెట్టుకుంటాయి. 2003 జెనీవా ముసాయిదాను రెండువైపుల పెద్దమనుషులే ప్రతి క్లాజుతో సహా రాశారు. కాపలాకు కూడా జవాబుంది: క్లింటన్ లెక్కలో ఇజ్రాయెల్ సైన్యం 36 నెలల్లో తప్పుకోవాలి, అంతర్జాతీయ దళం రావాలి. జట్టు చిక్కుకునేది గాజా, వెస్ట్ బ్యాంక్ ఒకే పాలన కిందకి ఎలా వస్తాయన్న దగ్గర, దారం దాటి ఉన్న చిక్కుడు గింజల్లో ఎన్ని కదలాలన్న దగ్గర.

ఒకే రాజ్యం, అందరికీ ఒకే ఓటు. నేల పంపకం లేదు, రాకపోకల అడ్డు లేదు, కాగితం మీద అన్నిటికన్నా సూటిగా ఉంటుంది. జట్టు నోరు పెగలనిది కాపలా దగ్గర. పోలీసు ఎవరు, సైన్యం ఎవరు? తమకంటూ ఒక దేశం ఉండాలన్న కోరిక రెండు రాసుల్లోనూ బలంగా ఉన్నప్పుడు అది ఎలా నిలుస్తుంది? ఓటు లేని ఒకే రాజ్యం, అంటే ఒకరు ఇంకొకరి నేల కలిపేసుకోవడం, శాంతి దారి కిందకు రాదు. ఎవరైనా దాన్ని ఇందులోకి తెస్తే మూడో ప్రశ్న అడగండి.

కూటమి. 'అందరి నేల' పేరుతో 2012 నుంచి ఇజ్రాయెలీలు, పాలస్తీనీయులు కలిసి ముందుకు తెస్తున్న ఆలోచన: రెండు రాజ్యాలు, 1967 గీత, కానీ గీత మీద గోడ లేదు. ఓటు మీ రాజ్యంలో, కాపురం అటూ ఇటూ. దీన్ని వివరించడానికి పర్లాకిమిడి కన్నా మంచి చోటు ఉండదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు ఎస్టేటు రెండు ముక్కలై పట్టణం ఇటు పడింది. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, అది అటు. గిడుగు రామమూర్తి గారు నొచ్చుకుని ఊరే వదిలి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. అయినా పెళ్లి సంబంధాలు ఆగలేదు, సంతలు ఆగలేదు. కొటియాలో 21 గ్రామాల తగాదా సంగతీ జనానికి తెలుసు: 1968లో సుప్రీంకోర్టుకెక్కిన దావాను 2006లో కొట్టేసి యథాస్థితి కొనసాగించమన్నారు, రెండు రాష్ట్రాలూ అక్కడ ఇప్పటికీ పనులు చేయిస్తున్నాయి.

పోలిక ఇక్కడే ఆపేయాలి, లేకపోతే అబద్ధమవుతుంది. గీత ఎటు పడ్డా మన పౌరసత్వం పోలేదు, ఓటు పోలేదు, ఏ ఊరూ ఖాళీ చేయించలేదు. మన గీత మెత్తగా ఉండటానికి కారణం రెండువైపులా ఒకే హక్కు, పైన ఒకే కోర్టు. కూటమి జట్టును అడగాల్సింది అదే: అక్కడ ఆ పైకోర్టు ఏది?

నాలుగోది గాజా నుంచి మొదలయ్యే దారి. 2025లో అమెరికా అధ్యక్షుడు ట్రంప్ ప్రకటించిన ఇరవై అంశాల ప్రణాళిక, నవంబరు 17న భద్రతామండలి చేసిన 2803వ తీర్మానం: కాల్పుల విరమణ, బందీల విడుదల, అంతర్జాతీయ దళం, హమాస్ ఆయుధాలు వదలడం, పునర్నిర్మాణం. పాలస్తీనా రాజ్యం మాట షరతులతో ఉంది, తేదీ లేదు. ఓస్లో చీటీని పక్కన పెట్టి చదివిస్తే జట్టే లోటు పట్టుకుంటుంది. ఇజ్రాయెల్ సైన్యం వెనక్కు తగ్గడం, హమాస్ ఆయుధాలు వదలడం ఒకదానికొకటి ముడిపడ్డాయి. ముందు ఎవరు అన్నది తేల్చకపోతే రెండూ ఆగుతాయి.

మా అంచనా చెప్పమంటే, ఐదో ప్రశ్నకు జవాబున్న సాధారణ ఒప్పందం, అది లేని అందమైన ఒప్పందం కన్నా ఎక్కువ రోజులు నిలుస్తుంది. ఈజిప్టుతో 1979 ఒప్పందాన్ని చూడండి. సినాయ్ నుంచి దశలవారీగా, తేదీల ప్రకారం వెనక్కు రావడం, 1982 ఏప్రిల్‌లో పూర్తి. కాపలాకు బహుళ దేశాల పరిశీలక దళం, ఇప్పటికీ అక్కడే ఉంది. అధ్యక్షుడు సాదత్ హత్య జరిగినా ఒప్పందం చెదరలేదు.

నాలుగో సాయంత్రం: మనుషులు

పై స్థాయి ఒప్పందాలు ఎంత బాగున్నా కింద నమ్మేవాళ్లు లేకపోతే నిలవవు. 1995 నుంచి పనిచేస్తున్న పేరెంట్స్ సర్కిల్‌లో బిడ్డల్ని, అన్నదమ్ముల్ని పోగొట్టుకున్న రెండువైపుల కుటుంబాలు కలిసి బడులకు వెళ్లి మాట్లాడతాయి. 2006 నాటి కంబాటెంట్స్ ఫర్ పీస్‌లో ఒకప్పుడు తుపాకీ పట్టినవాళ్లే ఉన్నారు. విమెన్ వేజ్ పీస్ వ్యవస్థాపకుల్లో ఒకరైన వివియన్ సిల్వర్‌ను 2023 అక్టోబరు 7న హమాస్ దాడిలో చంపేశారు; ఆమె గాజా రోగులను ఇజ్రాయెల్ ఆసుపత్రులకు చేర్చేందుకు తోడ్పడిన మనిషి. ఈ పేర్లు చెప్పినప్పుడు తొందరపడకండి.

'మనకెందుకండీ అక్కడి గొడవ' అని ఈ రోజు ఎవరో ఒక పెద్దాయన అడుగుతారు. జవాబు గౌరవంగా ఉండాలి. 1956 నుంచి 1967 దాకా గాజాలో ఐక్యరాజ్యసమితి దళంలో భారత సైనికులు కాపలా ఉన్నారు, కొందరు అక్కడే ప్రాణాలు వదిలారు. భారత్ ఇజ్రాయెల్‌ను 1950లో, పాలస్తీనాను 1988లో గుర్తించింది. 1992 నుంచి ఇజ్రాయెల్‌తో పూర్తి దౌత్య సంబంధాలు. 2025 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి మహాసభలో రెండు రాజ్యాల దారిని సమర్థించిన ప్రకటనకు అనుకూలంగా ఓటేసింది. ఇరుపక్షాలతో మాట్లాడగల దేశాలు కొన్నే ఉన్నాయి, మనది అందులో ఒకటి. మన ఎంపీకి రాసే ఉత్తరానికి ఆ మాత్రం విలువ ఉంది.

ఉత్తరం రాయాలనుకుంటే ఒక పేజీ దాటొద్దు. ఎవరిది తప్పు అన్న పేరా రాయకండి. ఒకే కోరిక రాయండి, దానికి తేదీ ఉండాలి: ఫలానా సమావేశంలో భారత్ తరఫున ఫలానా మాట అడగండి అని. సంతకాలు చేసినవాళ్ల పేర్లు ఒడియాలో, తెలుగులో రెండింట్లో ఉండనివ్వండి. చర్చకు వచ్చి ఒప్పుకోనివాళ్లను సంతకానికి బలవంతపెట్టొద్దు.

పటం చుట్టి దాచండి. గింజలు, ముక్కలు విడివిడి కవర్లలో ఉంచి, మీద లెక్క రాయండి. గాజాలో దళం ఎప్పుడు దిగింది, గీత ఎంత జరిగింది, సెటిల్‌మెంట్ లెక్క ఎంత పెరిగింది అన్నవి మారుతూనే ఉంటాయి. ఆరు నెలలకోసారి తేదీల తాడు విప్పి కొత్త చీటీ కట్టండి, పాతది తీయకండి.